ట్యాబు ఇచ్చారు సరే, పాఠం తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మన పిల్లల చేతికి ట్యాబులొచ్చాయి. బడి గోడకు టీవీ వచ్చింది. పుస్తకంలో పాఠం పక్కన నల్లచుక్కల చదరం అచ్చయింది, దానికి ఫోను చూపిస్తే వీడియో వస్తుంది. సంతోషమే. పలక కోసం, బలపం కోసం, బడి అరుగెక్కి కూచోడం కోసం కొట్లాడిన వాళ్లం మనం. యంత్రం వద్దనే మాట మన నోట రాదు. తమ పిల్లలకు ఇంట్లో రెండేసి కంప్యూటర్లు పెట్టి, సర్కారు బడికి మాత్రం నల్లబల్ల చాలు అని నీతులు చెప్పే పెద్దమనుషుల మాట అసలే నమ్మం.

కానీ అన్నలారా, అక్కలారా, ఒక మాట అడగాలి. ఆ ట్యాబులో ఉన్న పాఠం ఎవరు రాశారు? అందులో తప్పుంటే దిద్దే వీలు మన బడి టీచరుకు ఉందా? మన ఊరి మాట ఒకటి, మన వాడ లెక్క ఒకటి అందులో చేర్చే దారి ఉందా? ట్యాబు ఎన్ని వేలు చేస్తుంది, స్క్రీను ఎంత పెద్దది అని అందరం అడుగుతున్నాం. ఈ ప్రశ్న మాత్రం ఎవ్వరూ అడగడం లేదు.

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. 8వ తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి 5 లక్షల 18 వేల పైచిలుకు ట్యాబులు. అందులో నింపిన పాఠాలు బైజూస్ కంపెనీవి. పాఠాలకు పైసా తీసుకోలేదన్నారు. ఏడాదిన్నర గడిచింది. 2024 జూలై 16న బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ అదే కంపెనీ మీద దివాలా విచారణకు ఆదేశించింది. ఆ ప్రభుత్వం మంచిదా, ఈ ప్రభుత్వం మంచిదా అనే తగువులోకి నేను పోను. కంపెనీ లేచినా, మునిగినా ఆ పాఠం ఎవరిది అన్నదే మన తగువు. కంపెనీ పాఠాన్ని మన టీచరు విప్పలేడు, మార్చలేడు. మీట నొక్కి పిల్లల్ని చూడమనడమే ఆయన పని. ఇరవై ఏండ్లు పాఠం చెప్పిన మనిషి సినిమా హాల్లో రీలు తిప్పే మనిషయ్యాడు.

మరి టీచరే కంప్యూటరు పాఠం తయారుచెయ్యగలడా? దానికి ఇంజనీర్లు కావాలి, స్టూడియో కావాలి, కోట్లు కావాలి అంటారు. అది పాఠాలు అమ్ముకునేవాళ్లు పుట్టించిన మాట. టీచరు తన చేత్తో పాఠం కట్టుకోడానికి పనిముట్లు ఎప్పటినుంచో ఉన్నాయి, చాలావాటికి పైసా కట్టక్కర్లేదు.

కొన్ని చెబుతాను. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన హాట్ పొటాటోస్ అనేది ఒకటి. ప్రశ్నలు, ఖాళీలు పూరించడం, జతపరచడం, గళ్లనుడికట్టు లాంటివి దాంతో కట్టొచ్చు. 2009 నుంచి అందరికీ ఉచితం చేశారు. న్యూజిలాండ్‌లో పుట్టి, తర్వాత స్పెయిన్ వాళ్లు పెంచి పెద్దచేసిన ఎక్స్‌ఈ లెర్నింగ్ అనేది ఇంకోటి. దాంట్లో ఒక పాఠాన్ని మొదట్నుంచి చివరిదాకా అధ్యాయాలుగా రాసుకోవచ్చు, బొమ్మలు, పాటలు, ప్రశ్నలు కలపొచ్చు. నార్వేలో 2013 నుంచి వచ్చిన హెచ్5పి అనేది మూడోది. వీడియో మధ్యలో ఆపి ప్రశ్న అడగడం, బొమ్మ మీద చుక్కలు పెట్టి చుక్క నొక్కితే కథ చెప్పించడం దీని పని. దీన్ని నెట్టు లేని చోట వాడుకోడానికి లూమి అనే ప్రోగ్రాము ఉంది. మొదట ఒక్కసారి నెట్టు దొరికిన చోట ఎక్కించుకుంటే చాలు. తర్వాత పాత కంప్యూటరు మీద ఇంట్లో కూచుని పాఠం కట్టి, ఒక్క ఫైలు చేసి, పెన్‌డ్రైవులో వేసుకుని బడికి పోవచ్చు. ఇవన్నీ నేర్చుకోడానికి సైన్సు చదవక్కర్లేదు. ఫోనులో ఫొటోకి పేరు రాసి వాట్సాప్‌లో పెట్టగలిగినవాళ్లు వారం రోజుల్లో మొదటి పాఠం కడతారు.

ఇప్పుడు తాళంచెవి అంటే ఏమిటో ఒక చిన్న గీతతో చెబుతాను.

తెలుగు పాఠంలో ఖాళీ పూరించమన్నారనుకోండి. 'నాన్న నిన్న సంతకు ......' అని ఉంది. పాఠం రాసినవాడు 'వెళ్లాడు' అని జవాబు పెట్టాడు. మన వాడలో పిల్ల 'పోయిండు' అని కొట్టింది. యంత్రం ఎర్రగా ఇంటూ వేసింది. ఆ పిల్ల తప్పు రాసిందా? వాళ్ల అమ్మ అట్లాగే మాట్లాడుతుంది, వాళ్ల నాయనమ్మ అట్లాగే మాట్లాడింది. సంతకు పోయిన నాన్న కూడా 'పోయి వస్త' అనే పోయాడు. మనిషి టీచరైతే, మనసుంటే, 'ఇదీ రైటే బిడ్డా, పుస్తకంలో ఇట్లా రాస్తారు' అని చెబుతాడు. యంత్రానికి మనసు లేదు. దానికి తెలిసింది అక్షరానికి అక్షరం సరిపోయిందా లేదా అని చూడటమే. పదిసార్లు ఎర్ర ఇంటూ పడ్డాక ఆ పిల్ల ఏమనుకుంటుంది? మా ఇంటి మాటే తప్పు అనుకుంటుంది. మేమే తప్పు అనుకుంటుంది. బెత్తంతో కొట్టి చెప్పిన రోజుల్లో కనీసం కొట్టింది ఎవరో కనబడేది.

హెచ్5పిలో ఈ ఖాళీ ఎట్లా కడతారంటే, జవాబుకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడతారు. ఇంకో జవాబు కూడా సరైనదే అని చెప్పాలంటే మధ్యలో ఒక ఏటవాలు గీత కొట్టి పక్కన ఆ మాట రాస్తారు. వెళ్లాడు, గీత, పోయాడు, గీత, పోయిండు. అంతే. మూడూ రైటే. ఆ గీత కొట్టడానికి అర నిమిషం పట్టదు. కానీ ఆ గీత కొట్టే హక్కు పాఠాన్ని విప్పగలిగిన మనిషికే ఉంటుంది. కంపెనీ సీలు వేసి పంపిన పాఠంలో ఆ గీత ఎవరు కొడతారు? అర్జీ పెట్టుకోవాలి. ఎవరికి పెట్టాలో తెలియదు. పెట్టినా చదివేవాడుండడు.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అని కొందరంటారు. అనేవాళ్లు ఎవరో చూడండి. వాళ్ల ఇంటి మాటే పుస్తకం మాట అయినవాళ్లు. వాళ్లకు గీతతో పనిలేదు.

టీచరు చేత్తో పాఠం కట్టించాలన్న ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో ప్లేటో అనే కంప్యూటరు చదువు మొదలుపెట్టారు. ప్రోగ్రాములు రాసేవాళ్లే పాఠాలు కూడా రాయాల్సొస్తే పని సాగదని 1967లో పాల్ టెన్జార్ అనే జీవశాస్త్ర విద్యార్థి ట్యూటర్ అనే భాష తయారుచేశాడు. పాఠం తెలిసినవాడే పాఠం రాసుకోవాలన్నది దాని ఉద్దేశం. ఆపిల్ కంపెనీ 1987లో హైపర్‌కార్డ్ అనేదాన్ని తెచ్చింది. కాగితపు చీటీలు పేర్చినట్టు పాఠం పేర్చుకోవడమే. ఎందరో టీచర్లు దాంతో పాఠాలు కట్టారు. 2004లో కంపెనీ దాన్ని అమ్మడం మానేసింది. ఆ చీటీలు ఇప్పటి యంత్రాల్లో తెరుచుకోవు. అంతకన్నా పెద్ద చావు ఫ్లాష్‌ది. 2000 తర్వాత మన దేశంలో కూడా బడిపిల్లల కోసం చేసిన బొమ్మల పాఠాలు, సీడీలు ఎన్నో ఫ్లాష్‌తో చేసినవే. అడోబి కంపెనీ 2020 డిసెంబరు 31తో దాన్ని ఆపేసింది. మర్నాటినుంచి ఎన్ని వేల పాఠాలు బొంద పెట్టినట్టయ్యాయో లెక్క పెట్టినవాడు లేడు. తాటాకు మీద రాసింది నాలుగు వందల ఏండ్లుంది. ఫ్లాష్‌లో కట్టింది ఇరవై ఏండ్లు కూడా నిలవలేదు.

అందుకని పనిముట్టు సులువుగా ఉంటే చాలదు. దాని లోపలి కోడు అందరికీ తెరిచి ఉండాలి. ఒక కంపెనీ వదిలేస్తే ఇంకొకళ్లు అందుకుని నడిపేట్టుండాలి. ఎక్స్‌ఈ సంగతి అదే. న్యూజిలాండ్ వాళ్లు ఆపినచోట స్పెయిన్ వాళ్లు అందుకున్నారు. కోడు తెరిచి ఉంది కాబట్టే అందుకోగలిగారు.

ఇక మన దగ్గర ఏం జరిగిందో చూద్దాం. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద ఇంగ్లండు నుంచి వచ్చిన బిబిసి మైక్రో కంప్యూటర్లు కొన్ని బడులకిచ్చింది. దాన్ని పక్కన పెడదాం, మన వాడల దాకా రాలేదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లొచ్చాయి. బూట్ పద్ధతి అన్నారు. అంటే కంపెనీ పెట్టుబడి పెట్టి, కంప్యూటర్లు పెట్టి, బోధకుల్ని పెట్టి, అయిదేండ్లు నడిపి, తర్వాత బడికి అప్పజెప్పి పోతుంది. అయిదేండ్లయ్యాయి. కంపెనీలు పోయాయి. తక్కువ జీతానికి పనిచేసిన కంప్యూటరు బోధకులు రోడ్డునపడి ధర్నాలు చేశారు. వాళ్లల్లో మన పిల్లలెందరో! బడి టీచరుకు మాత్రం ఆ అయిదేండ్లలో ఏమొచ్చింది? కంప్యూటరు గది తాళం కంపెనీ మనిషి దగ్గర, టైంటేబుల్లో కంప్యూటరు పీరియడు కంపెనీ మనిషిది. లెక్కల సారు లెక్కల పాఠం కట్టాలంటే ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. తర్వాత ఆ గదుల్లో దుమ్ము పట్టిందంటే తప్పు దుమ్ముది కాదు.

పక్కన కేరళలో ఇంకో తీరుగా జరిగింది. 2001లో అక్కడ ఐటి ఎట్ స్కూల్ అని మొదలుపెట్టారు. మొదట వాళ్లూ మైక్రోసాఫ్ట్ సరుకు మీదే పాఠం రాశారు. ఒక కంపెనీ సరుకును బడిపుస్తకంలో ఎందుకు నేర్పాలని టీచర్ల సంఘం అడ్డం తిరిగింది. కొట్లాట తర్వాత బడులన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు, అంటే ఎవరైనా విప్పి మార్చుకోగలిగిన సాఫ్ట్‌వేర్‌కు మారాయి. అక్కడ శిక్షణ ఇచ్చినవాళ్లు కంపెనీ మనుషులు కారు, టీచర్లే. టీచరు టీచరుకు నేర్పాడు. లెక్కల టీచర్లు జియోజెబ్రా పట్టుకున్నారు. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి తన చదువులో భాగంగా మొదలుపెట్టిన పనిముట్టది. త్రిభుజం గీసి మూలను పట్టి లాగితే కోణాలు మారుతుంటాయి, మూడింటి మొత్తం మాత్రం 180 దగ్గరే నిలబడుతుంది. పిల్ల చేత్తో లాగి చూస్తే ఆ సూత్రం బట్టీ పట్టక్కర్లేదు. 2018 నాటికి 45 వేల తరగతి గదుల్ని హైటెక్ చేసే పని అక్కడ నడిచిందంటే, ఆ గదుల్లో నిలబడే టీచరు అంతకు ముందే తయారై ఉన్నాడు. మన దగ్గర టీవీ ముందొచ్చింది, టీచరు సంగతి తర్వాత చూద్దామన్నారు.

అయితే కేరళను కూడా నెత్తిన పెట్టుకుని ఊరేగక్కర్లేదు. 2020 జూన్ 1న కరోనా కాలంలో అక్కడ ఆన్‌లైను క్లాసులు మొదలైన మొదటి రోజునే మలప్పురం జిల్లాలో బడికి పోయే ఒక దళిత కూలి ఇంటి ఆడపిల్ల ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయి ఉంది, మంచి ఫోను లేదు, క్లాసు చూడలేకపోయింది. పాఠం ఎంత బాగా కట్టినా అది చేరాల్సిన ఇంటికి దారి లేకపోతే ఇంతే. జాతీయ నమూనా సర్వే 2017-18లో లెక్క తీస్తే పల్లెల్లో నూటికి 5 ఇండ్లలో కూడా కంప్యూటరు లేదు. 2023-24లో కేంద్రం ఇచ్చిన బడుల లెక్కలోనే దేశంలో కంప్యూటరున్న బడులు 57.2 శాతం, నెట్టున్నవి 53.9 శాతం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న జేబులో ఉంటుంది, తర్వాత కొడుకు చేతికొస్తుంది, ఆడపిల్ల వంతు వచ్చేసరికి ఛార్జింగు అయిపోతుంది. కాబట్టి నెట్టు లేకుండా నడిచే పాఠం, ఫోను నుంచి ఫోనుకు, పెన్‌డ్రైవు నుంచి పెన్‌డ్రైవుకు పోయే పాఠం మనకు కావాలి. పైన చెప్పిన పనిముట్లతో అట్లాంటి పాఠం వస్తుంది. నెట్టు ఉంటేనే తెరుచుకునే కంపెనీ యాపులతో రాదు.

కేంద్రం 2017 సెప్టెంబరు 5న దీక్ష అనే వేదిక తెచ్చింది. పుస్తకాల్లో ఆ నల్లచుక్కల చదరాలు దాని దారులే. టీచర్లు కూడా పాఠాలు పంపొచ్చన్నారు. మంచిదే. కానీ పంపిన పాఠం పై అధికారుల ఆమోదం దాటాలి. తప్పుల్లేకుండా చూడ్డానికి ఒక జల్లెడ ఉండాలి, ఒప్పుకుంటాం. కాని జల్లెడ పట్టేవాళ్లలో వెలివాడ మనిషి ఎంతమంది? పాఠంలో 'పోయిండు' కనబడితే జల్లెడలో ఏది మిగులుతుంది, ఏది రాలిపోతుంది?

ఇక్కడే ఒక చేదు మాట చెప్పాలి. టీచరు చేతికి పనిముట్టొస్తే పాఠం దానంతటదే మంచిదైపోతుందా? కాదు. ఊరికీ వాడకూ మధ్య ఉన్న గీత టీచరు తలకాయలో కూడా ఉండొచ్చు. 'మన ఊరు' అనే పాఠం కడదామని ఊరి బొమ్మ గీసి, గుడి మీద ఒక చుక్క, పంచాయతీ ఆఫీసు మీద ఒక చుక్క, చెరువు మీద ఒక చుక్క పెట్టి, చుక్క నొక్కితే వివరం వచ్చేట్టు చేశాడనుకోండి. వాడ ఎక్కడ? బొమ్మ అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. ఇది కంపెనీ చెయ్యలేదు, మన సారే చేశాడు. కాని తేడా ఎక్కడుందంటే, ఈ బొమ్మను మార్చొచ్చు. వాడ పిల్లల్నే పంపి, అడుగులతో కొలిపించి, వాడ బావి, చర్చి, అంబేద్కర్ బొమ్మ, వాగొడ్డు శ్మశానం ఎక్కడున్నాయో గీయించి, అవ్వల్ని అడిగించి, ఫోనులో వాళ్ల గొంతు పట్టించి, ఒక్కో చుక్క కింద ఒక్కో గొంతు పెట్టమని సారును అడగొచ్చు. అడిగితే చెయ్యగలడు. కంపెనీని అడిగితే నవ్వుతుంది.

సులువు పనిముట్లతో ఇంకో ప్రమాదం ఉంది. వాటితో అన్నిటికన్నా సులువుగా వచ్చేది నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే ప్రశ్న. అందుకని చాలామంది టీచర్లు పనిముట్టు నేర్చుకున్న మొదటి రోజే అయిదారు వందల అట్లాంటి ప్రశ్నలు కొట్టి, డిజిటల్ పాఠం తయారైందంటారు. అది పాఠం కాదు, పరీక్ష. గైడు పుస్తకానికి కరెంటు పెట్టినట్టు. మన పిల్లలకు టిక్కు పెట్టడం నేర్పితే ఎందుకు అని అడగడం ఎప్పుడు నేర్చుకుంటారు? నా మటుకు నేను, టిక్కు ప్రశ్నల పాఠం ఒకటి కట్టే బదులు నల్లబల్ల మీద మంచి పాఠం చెప్పిన టీచరుకే దండం పెడతాను.

మరి ఎట్లాంటి పాఠం కట్టాలి? మన దగ్గర సరుకు లేదా? లంద గురించి మన తాతల నడగండి. పచ్చితోలును సున్నపు నీళ్లలో నానేస్తే వెంట్రుక ఊడొస్తుంది. తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్లల్లో ఊరబెడితే తోలు కుళ్లకుండా ఏండ్లకేండ్లు నిలుస్తుంది. ఎందుకు? ఆ చెక్కలో ఉన్న టానిన్ అనే పదార్థం తోలులోని మాంసకృత్తులను పట్టి బిగిస్తుంది కాబట్టి. ఇది రసాయనశాస్త్రం. లందలో చెయ్యి పెట్టినవాణ్ని అంటరానివాడన్న ఊరు, అదే టానిన్ పేరు ఇంగ్లీషు పుస్తకంలో చదివినవాణ్ని సైంటిస్టు అంది. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన పుస్తకంలో కుండ, తోలు, చాకిరేవు, నాగలి పనుల్లో దాగిన శాస్త్రాన్ని చెప్పాడు. అట్లాంటి పుస్తకం ఒక్కటుంటే చాలదు, ప్రతి బడిలో ఒక పాఠం కావాలి. లంద పనిచేసిన తాతను ఫోనులో వీడియో తీసి, మధ్యలో ఆపి, 'సున్నం ఎందుకేశారు?' అని అడిగే పాఠం హెచ్5పితో ఒక సాయంత్రంలో తయారవుతుంది.

డప్పు తీసుకోండి. వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. ఎందుకు? చెమ్మ పోయి తోలు బిగుస్తుంది, బిగిస్తే స్వరం పైకి లేస్తుంది. కాచకముందు ఒక దెబ్బ, కాచినంక ఒక దెబ్బ, రెండూ ఫోనులో పట్టి పక్కపక్కన పెడితే ధ్వని పాఠం వచ్చేసింది. చదువురాదని మన తమ్ముణ్ని వెనక బెంచీలో కూచోబెడతారే, ఆ పాఠం రోజు వాడే గురువు.

వడ్డీ పాఠం ఇంకా అవసరం. నూటికి 3 రూపాయల వడ్డీ అంటే చిన్న మాటలా వినబడుతుంది. అది నెలకు. ఏడాదికి నూటికి 36. షావుకారు దగ్గర 20,000 తెస్తే నెలకు 600, ఏడాదికి 7,200 వడ్డీ. అదే 12 శాతానికి బ్యాంకులో దొరికితే ఏడాదికి 2,400. లిబ్రే ఆఫీసు లెక్కల పట్టీలో ఈ నాలుగు అంకెలు పెట్టి, పిల్లతోనే మార్పించి చూపండి. ఆ రాత్రి ఆ పిల్ల ఇంటికి పోయి నాన్న నోటు కాగితం అడుగుతుంది. కంపెనీ పాఠంలో వడ్డీ లెక్క ఉంటుంది, షావుకారుండడు.

పని చెయ్యాలనుకునే టీచరుకు అడ్డంపడే చిన్న ముల్లు ఒకటుంది, అదీ చెప్పాలి. మన దగ్గర కరపత్రాల దగ్గర్నుంచి పెండ్లిపత్రికల దాకా డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొడతారు. ఆ అక్షరాల్ని తెచ్చి ఈ పనిముట్లలో అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి. ఈ పనిముట్లకు యూనికోడ్ తెలుగు కావాలి. ఫోనులో మనం వాట్సాప్‌లో కొట్టే తెలుగు అదే. అందుకని డీటీపీ షాపుకు పోకుండా ఫోనులోనే కొట్టి, కంప్యూటరుకు పంపుకోండి. ఈ ఒక్క సంగతి తెలియక, తెలుగు రావడం లేదని మొదటి రోజే చేతులెత్తేసిన టీచర్లున్నారు. కథల పుస్తకాలు కట్టాలంటే బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన స్టోరీవీవర్ ఉంది, అక్కడున్న బొమ్మలు తీసుకుని తెలుగులో మన కథ రాసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, ఎవరూ కేసు పెట్టరు. తెలుగులో బడిపిల్లల కోసం స్వేచ్ఛ సంస్థ బాలస్వేచ్ఛ అని తెచ్చింది. బెంగళూరు మురికివాడలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పిల్లలు అంబేద్కర్ పేరు మీద కంప్యూటరు కేంద్రం పెట్టి, పాత యంత్రాలతోనే వాడ పిల్లలకు నేర్పారు. సంఘం గదిలో పాత కంప్యూటరు ఒకటి పెట్టడం మనకు చేతగాని పనేం కాదు.

టీచర్లు ఒక మాట అంటారు, టైం ఏదీ అని. నిజం. హాజరు యాపు, భోజనం యాపు, సర్వేలు, ఓటర్ల లిస్టులు. ఒక్క టీచరున్న వాడ బడిలో అయిదు తరగతులు, అయిదు యాపులు. వారానికి రెండు పీరియడ్లు పాఠం కట్టుకోడానికి ఇవ్వమని టీచర్ల సంఘాలు అడిగితే మనం వాళ్ల వెంట నిలబడాలి. అట్లాగని ట్యాబులున్నాయి కదా, టీచరు పోస్టు ఎందుకని ఖాళీలు మూసేస్తే మాత్రం ఊరుకునేది లేదు. ట్యాబు టీచరుకు బదులు కాదు.

మన చేతిలో ఉన్నవి చూసుకుందాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల లెక్క ప్రకారం చోటుండాలి. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని పెట్టారు. ఆ మీటింగుకు పోయినప్పుడు గోడకు సున్నం, గేటుకు రంగు మాత్రమే మాట్లాడి రాకండి. టీవీ పెట్టించి, పాఠం వేయించి, కూచుని చూడండి. మన ఊరు, మన మాట, మన పని అందులో ఎక్కడుందో అడగండి. లేకపోతే చేర్చడానికి వీలుందా అని అడగండి. ఎన్‌సిఇఆర్‌టి 2013లో పెట్టిన ఎన్‌రోయర్ భాండాగారంలో పాఠాల్ని ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చన్న షరతు పెట్టారు. కేంద్రం తన పాఠాలకు పెట్టిన షరతు, రాష్ట్రం కంపెనీలతో రాసుకునే ఒప్పందంలో ఎందుకుండదు?

ఆ ఒప్పందం కాగితం చూసే హక్కు 2005 సమాచార హక్కు చట్టం మనకిచ్చింది. పాఠశాల విద్యాశాఖకు అర్జీ రాయండి. ట్యాబుల్లో, టీవీల్లో వేసిన పాఠాలు ఎవరివి? ఒప్పందం ఎప్పటిదాకా? ఆ తర్వాత పాఠాలు ఎవరికి చెందుతాయి? టీచరు మార్చుకోవచ్చా? ఒప్పందం నకలు ఇవ్వండి. ఈ అయిదూ రాస్తే చాలు. తెల్లకాగితం మీద రాయొచ్చు. ఫీజు మండలం ఆఫీసులో 5 రూపాయలు, జిల్లాలో, రాజధానిలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు అదీ లేదు, కార్డు నకలు జతపరిస్తే సరిపోతుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు వెయ్యొచ్చు, దానికీ ఒక తెల్లకాగితమే. జవాబు వచ్చినవాళ్లు దాని నకలు మన పత్రికకు పంపండి. వచ్చింది వచ్చినట్టు అచ్చేద్దాం.